మిత్తి కింద పిల్ల

లేబర్ ఆఫీసుల జీపు నడిపినోడు జ్ఞాపకాలు రాసుడేందని మా ఇంట్ల నవ్వుతున్నరు. నవ్వనియ్యున్రి. ఆఫీసర్లు వచ్చిన్రు, పోయిన్రు. నేను మాత్రం అదే ఆఫీసుల, అదే సీట్ల కూసున్న. వాళ్లు చూసింది వాళ్ల బదిలీలతోని పోయింది, నేను చూసింది నా దగ్గరనే ఉన్నది. బడి మొఖం చూడనోన్ని. సార్లు లోపల ఎంక్వైరీలు చేస్తుంటె బయట జీపుల కూసోని, బజ్జీలు కట్టిచ్చిన పేపర్ ముక్కలు కూడబలుక్కుంట నేర్చుకున్న చదువు నాది. రాత జర మోటుగ ఉంటది, ఓర్చుకోన్రి.

ఇసొంటి ఆఫీసులల్ల కొత్తగ చేరుతున్న పిల్లలకోసం ఒక్క కేసు సంగతి రాస్తున్న. మేం గెలిచిన కేసులు రాయ. వాటిని చెప్పుకునెటందుకు వేరేటోళ్లున్నరు. ఇది గెలిచినమనుకొని, చేతులు కలుపుకొని, చాయ్ తాగి ఓడిపోయిన కేసు.

అప్పు కింద మనిషిని జీతముంచుకునే పద్ధతి ఎన్నడో పోయిందని మీటింగులల్ల చెప్తుంటె నాకు ఒళ్లు మండుతది. పోలే. అంగీ మార్చుకున్నది. ఎనుకట ఉగాదికి మాట్లాడి మొగపిల్లగాండ్లను ఏడాది జీతముంచుకుంటుండె. తర్వాత దుబాయి అప్పులొచ్చినయి. వీసాకని అప్పు తెస్తడు, ఏజెంటు ముంచుతడు, మనిషి ఒట్టి చేతులతోని ఇల్లు చేరుతడు. అప్పు మాత్రం యాడికి పోతది? మిత్తి, అదే వడ్డీ, కట్టేటందుకు ఇంట్ల ఏమున్నది? పిల్ల ఉన్నది. ఆ పిల్లను అప్పిచ్చినోని ఇంట్ల పనికి పెడ్తరు. మిత్తి కింద పెట్టుడంటె అదే. పిల్ల చేసే చాకిరి మిత్తికి సరి, అసలు అట్లనే ఉంటది. పెండ్లీడు వచ్చేదాక చేసినా అసలుల ఒక్క పైస తరగది. ఏ కోర్టుల నిలువని లెక్క. ఊర్లె మాత్రం అందరికి ఒప్పుదలైన లెక్క.

తెలంగాణ ఇంక రాలే, జిల్లా ఇంక ముక్కలు కాలే. పత్తి సీజన్. జమ్మికుంట మార్కెట్ల హమాలీల పంచాయితీ ఒకటి చూసుకొని వస్తుంటె, తొవ్వల ఒక ఊర్లె రైస్ మిల్లు తనిఖీకని సారు లోపలికి పోయిండు. నేను పాలకేంద్రం పక్కపొంటి జీపు ఆపిన. ఒక పిల్ల పాలక్యాను కింద పెట్టి జీపు ముందటి బోర్డు చదువుతున్నది. పదిహేనేండ్లుంటయేమో. చేతులు మాత్రం పెద్ద మనిషి చేతులు, పెండల, నీళ్లల నాని పగిలినయి.

"నువ్వు లేబర్ ఆఫీసరువా?" అన్నది.

"కాదు బిడ్డా, డ్రైవర్ని."

"అబద్ధమాడలే. నీకే చెప్త అయితె."

చెప్పింది. తండ్రి దుబాయి పోతనని ఆ ఊరి పటేల్ దగ్గర అప్పు తీసుకున్నడు. ఏజెంటు బొంబాయిల ఇడిచిపెట్టి పోయిండు. ఏడో తరగతి అయిన ఎండకాలం ఈ పిల్లను పటేల్ ఇంట్ల పెట్టిన్రు. పొద్దుగాల పెండ తీసుడు, వాకిలి ఊకి సానుపు చల్లుడు, పాలు కేంద్రానికి మోసుడు, బోళ్లు తోముడు, పత్తికాలం వస్తే పత్తి ఏరుడు. తల్లి బీడీలు చేస్తది, ఆ పైసలు ఇంటికే చాలవు.

పాలకేంద్రం గోడ, ఊరి హైస్కూల్ గోడ ఒక్కటే. పాలు కొలిచి క్యాను కడిగిచ్చేదాక ఈ పిల్ల పదో తరగతి కిటికీ కాడ నిలబడుతున్నదట. ఒక పంతులమ్మ చూసి ఎల్లగొట్టలే, పాత పుస్తకాలిచ్చింది, ప్రైవేటుగ పది రాయొచ్చని చెప్పింది. అడుగుదామని పటేల్ భార్య దగ్గరికి పోతే, నువ్వు పరీక్షలకు పోతే పెండ నీ పంతులమ్మ తీస్తదా అన్నదట.

"పది పాసైతే పైసలిచ్చే పని దొరుకుతది కాకా. ఇప్పుడు చేసేదానికి పైసలు లెవ్వు గద." ఇంత చెప్పి, అటిటు చూసి, అసలు సంగతి అడిగింది. "సాంఘిక పుస్తకంల ఉన్నది. అప్పు కింద మనిషిని పెట్టుకునుడు నేరమట, ఆ అప్పు సుత రద్దట. నిజమేనా, పరీక్ష కోసమే రాసిన్రా?"

నేను ఎంతమంది పెద్దోళ్లను జీపుల తిప్పిన్నో, ఎవ్వరూ ఇసొంటి ప్రశ్న అడుగలే. నిజమే బిడ్డా అన్న. ఆ పిల్ల తల ఊపి క్యాను ఎత్తుకొని పోయింది.

సారుకు తొవ్వ పొడుగూత చెప్పిన. ఆయన కొత్తగ నౌకరీల చేరిన పిల్లగాడు, మంచి మనసు. కండ్లల్ల నీళ్లు తెచ్చుకున్నడు. తెల్లారి ఫైలు తెరిచిండు. మా పెద్ద క్లర్కు జర్దా నోట్లె ఏసుకొని, సారూ, విడుదల కాయిదం మన చేతిల ఉండది, ఆర్డీవో ఇయ్యాలె, ఆయన దగ్గరికి పోవాలె, విచారణ కావాలె, పరీక్ష ఫీజు గడువేమో నెత్తి మీదికొచ్చింది అన్నడు. ఆయన మాటల్ల ఎకసెక్కం ఎక్కువ గాని పని తెలిసిన మనిషి. ఇద్దరి పరేషాన్ ఒక్కటే: చట్టం పట్టుకొని పోతే పిల్లకు ఈ ఏడు పరీక్ష పోతది. పరీక్ష పోతే పటేల్ ఆ పిల్లను మళ్ల కిటికీ కాడికి సుత పోనియ్యడు.

ఎంక్వైరీ గ్రామపంచాయతి ఆఫీసుల పెట్టిన్రు. సర్పంచు, కులపెద్దలు, పటేల్, పిల్ల తండ్రి, మేము. పటేల్ను చూస్తే ఎవరూ చెడ్డోడనరు. మెత్తటి మనిషి, తెల్లటి ధోతి, మాట తేనె. "అప్పేంది సారూ, జీతమేంది? మా బిడ్డ లెక్కనే ఉంటది. నన్ను పెద్దబాపు అంటది, అడుగున్రి" అన్నడు. మూడేండ్లు చాకిరి చేయిచ్చుకొని పెద్దబాపు అనిపిచ్చుకునే ఇసొంటోళ్లను తలుచుకుంటె ఇప్పటికి సుత నాకు పండ్లు కొరుక్కునుడే.

పిల్లను పిలువున్రి అన్నడు సారు. పిలిచే పని పడలే. తలుపుల నిలబడ్డది, చేతిల చాయ్ గ్లాసుల పల్లెంతోని. పంచాయితీకి చాయ్ పటేల్ ఇంటి నుంచి తెప్పిచ్చిన్రు, తెచ్చింది ఆ పిల్లనే. తన విడుదల పంచాయితీకి తనే చాయ్ పోసింది. సారు గ్లాసు తీసుకున్నడు. నేను సుత తీసుకున్న.

సారు చట్టం చదివి చెప్పిండు. అప్పు రద్దు, పిల్ల స్వేచ్ఛ. అప్పుడు లేచింది పటేల్ కాదు, పిల్ల తండ్రి. బక్కపలుచటి మనిషి, తువ్వాల చేతిల నలుపుకుంట నిలబడ్డడు.

"సారూ, నా అక్కెరకు అందిన మనిషి ఆయన. ఆయన పైస తిని లేదనుడు నాతోని కాదు. చట్టం మీరు రాసుకున్నరు, మాట నేనిచ్చిన. రేపు ఈ ఊర్లె నా మొఖం ఎవరు చూస్తరు?"

"మరి నీ బిడ్డ?" అన్నడు సారు.

"బిడ్డను తీస్కపోన్రి. అప్పు మాత్రం నాకుండనియ్యున్రి."

పెద్దమనుషులందరు తలలూపిన్రు. ఇజ్జతున్న మనిషన్నరు. అప్పు రద్దంటే ఊర్లె రేపు ఎవ్వనికి ఎవ్వడు బదులియ్యడన్నడు సర్పంచు. నాకు సుత ఆ తండ్రి మీద గౌరవం కలిగింది, దాపెట్టి లాభం లేదు. మా ఊర్లల్ల అందరం అట్లనే పెరిగినం. తిన్న పైస ఎగ్గొట్టినోడనే పేరు కంటే చావు నయమనుకుంటం. ఆ పేరు ఎవని మెడకు ఉరైతదో చూడం.

పెద్ద క్లర్కు సారు చెవుల మెల్లగ చెప్పిండు, ఇయ్యాల్నే తెంపుకుంటె రేపు ఫీజు కట్టొచ్చని. మాట మీద మాట పోయింది. మిత్తి మాఫ్, అసలుల సగం ఇడుపు, మిగిలింది కడితే ప్రామిసరీ నోటు చింపుతడు, పిల్ల ఎమ్మటే బడికి పోతది. ఆ మిగిలింది ఎవరు కట్టాలె? సారు తన జేబుల చెయ్యి పెట్టిండు. పెద్ద క్లర్కు పెట్టిండు. నేను పెట్టిన. సర్పంచు సుత ఇంత ఏసిండు. పటేల్ ఎంచుకున్నడు, నోటు చింపిండు, సారుతోని చెయ్యి కలిపిండు. ఇసొంటి ఆఫీసరును చూడలేదన్నరు జనం. దావత్ ఎప్పుడని ఒకలు నవ్విన్రు. 'ఉభయపక్షాల రాజీ' అని రాసి అందరితోని దస్కతులు పెట్టిచ్చిన్రు.

రద్దయిన అప్పు కింద పైస తీసుకునుడు సుత నేరమేనని అదే చట్టంల ఉన్నది. శాన ఏండ్లకు చదివిన. మా కండ్ల ముందట, మా పైసలతోని, మేమే ఆ నేరం జరిపిచ్చినం.

ఖాళీ గ్లాసులు ఏరుకుంట పిల్ల సారు దగ్గర ఆగింది.

"పుస్తకంల గిట్ల లేదు సార్" అన్నది.

సారు నవ్వి ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టిండు. చదువుకో తల్లీ అన్నడు.

ఆడపిల్లల హాస్టల్కు జీపుల తీస్కపోయింది నేనే. ముందు సీట్ల, నా పక్కన కూసున్నది. సంబురపడ్తదనుకున్న. చెరువుకట్ట దాటినంక అడిగింది.

"కాకా, నువ్వెంత ఏసినవ్?"

"ఎందుకు బిడ్డా?"

"మీకు తిరిగి కట్టాలె గద."

నవ్విన నేను. మాకేం వద్దు, నువ్వు పాసైతే చాలన్న.

"పెద్దబాపు సుత మొదలు గట్లనే అన్నడు. ఇంట్ల మనిషి లెక్క ఉంటె చాలన్నడు."

గేరు మార్చిన. మార్చే అవసరం లేకున్నా మార్చిన.

హాస్టల్ల మంచిగ చదివింది. ఫీజు కట్టిన్రు. లెక్కలల్ల వెనుకబడ్డదని, ఇంగ్లీషు కిటికీల నుంచి సరిగ వినబడలేదంటున్నదని వార్డెనమ్మ నవ్వుకుంట చెప్పింది. మా ఆఫీసుల ఈ కేసు గొప్పగ చెప్పుకున్నరు. సారు ఏ మీటింగుల చెప్పినా చప్పట్లు. కొద్దినెలలకు సారుకు బదిలీ అయింది, హైదరాబాద్ దిక్కు పోయిండు. పోయేనాడు నా చెయ్యి పట్టుకొని, మనం ఒక్క పిల్లనన్న నిలబెట్టినమన్నడు. అవునన్న.

పరీక్షలు దగ్గరికొచ్చినప్పుడు, ఒకనాడు పొద్దుగాల ఆఫీసు తెరువంగనె ఆ పిల్ల మెట్ల మీద కూసోని ఉన్నది. హాస్టల్ల చెప్పకుంట వచ్చిందట. తండ్రి మళ్ల దుబాయి పోయిండు. వీసాకు పైసలు మళ్ల పటేలే ఇచ్చిండు. మూడో తరగతి చదివే చెల్లెను మిత్తి కింద పెట్టుకున్నడు. పటేల్ మనుమని ఊయల ఊపుతున్నదట, వాకిలి ఊకుతున్నదట.

మళ్ల ఎందుకిచ్చిండని నోరు జారి అడిగిన. ఆ పిల్ల నన్నొక పిచ్చోన్ని చూసినట్టు చూసింది.

"అప్పు తీర్చినోనికి మళ్ల అప్పు పుడ్తది గద కాకా. ఎగ్గొట్టినోడైతే ఎవడిస్తడు?"

పెద్ద క్లర్కు లోపలినుంచి విన్నడు. ఆయన నోట్లె ఎకసెక్కం ఎండిపోయింది. బయటికొచ్చి కిటికీ పట్టుకొని నిలబడ్డడు. "మనం అప్పు తీర్చలే రా, వానికి కొత్త అప్పు పుట్టే తొవ్వ ఏసినం" అని నాతోని మెల్లగ అన్నడు. అప్పు రద్దని ఆనాడు రాసి ఉంటె, ఆ తండ్రి ఊర్లె ఎగ్గొట్టినోడైతుండె. మొఖం దించుకొని తిరిగేటోడు. కాని ఏ పటేలూ ఆ ఇంటికి ఇంక పైసలియ్యకపోతుండె, చిన్నపిల్ల బల్ల మీద కూసోని చదువుకునేది. ఆయన ఇజ్జతు నిలబెట్టినం మేము, దాని ధర ఆ చిన్నది కట్టింది.

కొత్త సారు చెడ్డోడు కాదు, భయస్తుడు. పిల్లను కూసోబెట్టి అంతా విన్నడు. ఫైలు తెప్పిచ్చిండు. అండ్ల జీతం లేదు, వెట్టి లేదు, ఉన్నది మామూలు చేబదులు, ఇద్దరు రాజీ పడ్డరు అని ఉన్నది. ఇప్పుడు అదే మనిషి మీద వెట్టి కేసు రాస్తే, ముందటి ఫైలు సంగతేందని తనను అడుగుతరన్నడు. తల్లితోని దరఖాస్తు పెట్టియ్యి, విచారణకు పెడ్త, టైం పడ్తది అన్నడు.

"ఎంత టైం సార్?"

సారు ఫ్యాను దిక్కు చూసిండు.

"పైసలు మాత్రం కట్టకున్రి సార్" అన్నది ఆ పిల్ల, లేసుకుంట. "దండం పెడ్త. గీసారి చట్టం ప్రకారమే చేయున్రి."

తల్లి దరఖాస్తు పెట్టలే. మొగడు పరాయిదేశంల, పెద్దోళ్లతోని పగ ఎందుకనుకున్నదేమో. పెట్టినా మా ఆఫీసు నుంచి ఏం కదులునో నాకు నమ్మకం లేదు. పరీక్షలు మొదలైనయి. రెండు పరీక్షలకు వచ్చి మూడోదానికి పిల్ల రాలేదని వార్డెనమ్మ ఫోను చేసింది.

ఆదివారం బస్సెక్కి పోయిన. పాలకేంద్రం కాడనే దొరికింది, క్యానుతోని. చెల్లెను తల్లి దగ్గరికి తోలి, దాని జాగల తను చేరింది. పటేల్కు నష్టమేముంది, చిన్నదానికంటె పెద్దది పని ఎక్కువ చేస్తది. మా బిడ్డ మళ్ల ఇల్లు చేరిందని సంబురపడ్డడట.

"పరీక్షలన్నీ రాసి రావద్దా బిడ్డా? నాలుగొద్దులల్ల ఏమైతుండె?"

"అది ఊయల ఊపుకుంట నిద్రపోయిందట. పోరడు కిందపడ్డడు. పటేలమ్మ దాని చెయ్యి కాల్చింది." క్యాను మూత తీసి పెట్టుకుంట చెప్పింది, ఏడువకుంట. "నేను ఏడు దాకనన్న పోయిన. అది మూడు సుత దాటలే. అది జర పెద్దగ కానియ్యి."

నేను ఏందో చెప్పబోయిన. మళ్ల దరఖాస్తు పెడ్దాం, పేపరోళ్లకు చెప్దాం, చెయ్యి కాల్చినందుకు పోలీసు కేసు పెడ్దాం అని. అన్నీ సరైన మాటలే. ఆ పిల్ల నా చేతిల సంచి దిక్కు చూసింది.

"గీసారి ఎంత తెచ్చిన్రు కాకా?" అన్నది.

సంచిల బత్తాయిపండ్లున్నయి. అవి ఆడ పెట్టబుద్ధి కాలే, ఎనుకకు తేబుద్ధి కాలే. కేంద్రం అరుగు మీద పెట్టి వచ్చిన. పోలీసు స్టేషనుకు సుత పోయిన, తల్లి రాంది కేసు లేదన్నరు. పేపరాయనకు చెప్పిన, ఆయన రాస్తనన్నడు. రాసిండో లేదో, వచ్చిన పేపరుల నేను చూడలే.

పిల్లలారా, ఇది చదివి మీరు ఏమనుకుంటరో. ఆనాడు మా దగ్గర దయ లేక కాదు. దయ ఎక్కువై పాడుచేసినం. చట్టం ఉన్నకాడ మీరు జేబుల చెయ్యి పెట్టకున్రి. జేబుల చెయ్యి పెట్టినోన్ని అందరు దేవుడంటరు, చట్టం ప్రకారం చేసినోన్ని తిడ్తరు. తిట్లు తినున్రి.

రెండు పత్తికాలాలు పోయినయి. ఒకనాడు పటేల్ మా ఆఫీసుకొచ్చిండు, తెల్లటి ధోతి, చేతిల గొడుగు. కోపంల లేడు, మనసు నొచ్చుకున్నట్టు ఉన్నడు. అంగడి నాడు ఊరంతా అంగట్ల ఉండంగ తల్లి, ఇద్దరు పిల్లలు ఇంటికి తాళమేసి పొద్దుగాలటి బస్సెక్కిన్రట. తండ్రి దుబాయిలనే ఉన్నడు. పాలక్యాను కేంద్రం కాడ కడిగి బోర్లిచ్చి ఉన్నదట.

"మీరు మధ్యల ఉండి తెంపిన పంచాయితీ సారూ. ఇప్పుడు మీరే పట్టుకొచ్చి ఇయ్యాలె" అన్నడు. నవ్వులాటకు అనలే. నిజంగనే లేబర్ ఆఫీసంటె అప్పులు వసూలు చేసే జాగ అనుకున్నడు. అట్ల అనుకునెటట్టు చేసింది మేమే గద. ఎన్కనుంచి ఎవరో నాయకుని ఫోను సుత వచ్చింది. కొత్త సారు చెమట తుడుచుకుంట బయటికొచ్చి, జర పెద్దమనిషిని జీపుల ఎక్కిచ్చుకొని బస్టాండు, రైల్వే స్టేషను చూపిచ్చి రా అన్నడు.

గంట కింద సారు పిల్లలను బడికాడ దించి వచ్చిన జీపది. మెట్ల ముందటనే ఉన్నది.

"క్లచ్ పోయింది సార్" అన్న.

సారు జీపును చూసిండు, నన్ను చూసిండు. లోపల పెద్ద క్లర్కు తల ఎత్తలే. "పొద్దుగాలనే చెప్పిండు సార్, మెకానిక్కు రేపు వస్తడట" అన్నడు, కాయిదం మీద ఏందో రాసుకుంట.

పటేల్ బల్ల మీద కూసోని చాయ్ తాగిండు. శాన సేపు కూసున్నడు. మేం సుత కూసున్నం. ఆయన లేసి బస్టాండుకు నడిచిపోయేటప్పటికి మాపటేళ అయింది.

ఆ ముగ్గురు యాడికి పోయిన్రో నాకెరుక లేదు. మంచిర్యాలల రైలెక్కంగ చూసినమని ఒకలు, అటెటో మహారాష్ట్ర దిక్కు ఉన్నరని ఒకలు అన్నరు. ఆ పిల్ల పది రాసిందో లేదో తెల్వది. చెల్లె ఎంతదాక చదివిందో తెల్వది. రిటైరైనంక పనేముంది, బస్సెక్కి పోయి ఆ ఊర్లె అడుగుదామని శానసార్లు అనిపిచ్చింది. చెప్పులు సుత తొడుక్కొని ఆగిపోయిన. నేను అడిగితే అడిగిన సంగతి ఊర్లె తిరుగుతది. పటేల్ కాలం చేసిండు గాని, ఆయన కొడుకులు ఆ అప్పు ఇంక యాదిల పెట్టుకొనే ఉన్నరట.